అంచు నుంచి అల్లిన టెన్నిస్ బ్యాటు

బిగువు గురించి అడిగినవాళ్ళకి

ఈ మధ్య ఇద్దరు పిల్లలు మా ఇంటికి వచ్చారు. భీమవరంలో ఇంజనీరింగ్ చదివి, ఆ ఉద్యోగాలు వద్దనుకుని, రాజమండ్రిలో రాకెట్లకి గట్టింగ్ చేసే షాపు పెడుతున్నారట. గట్టింగ్ అంటే రాకెట్టు తలలో తీగలు అల్లి బిగించడం. వెనకటికి ఆ తీగల్ని గొర్రె పేగుతో చేసేవారు. ఆ పేగు తీగని గట్ అంటారు కాబట్టి పనికి ఆ పేరు వచ్చింది. నైలాను వచ్చాక కూడా పేరు మారలేదు. వీళ్ళు కొత్త మిషను కొన్నారు. అంకె నొక్కితే చాలు, ఆ అంకెకి తగిన బిగువు అదే లాగిపెడుతుందట.

"ఆంటీ, ఎవరైనా పాత కర్ర రాకెట్టు పట్టుకొస్తే ఎన్ని పౌన్ల బిగువు పెట్టాలండి?" అని అడిగారు.

"ముందు దాన్ని బాగా చూడండి" అన్నాను.

వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అడిగింది అంకె, నేనిచ్చింది నీతి. కాఫీ తాగి మర్యాదగా వెళ్ళిపోయారు. వాళ్ళకి అప్పుడు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను. నాకు ఎప్పుడు జీతం పెరిగింది, ఎప్పుడు సెక్షన్ ఇన్‌చార్జిని చేశారు లాంటివి ఇందులో ఉండవు. అవి తలుచుకుంటే నాకే ఆవులింత వస్తుంది.

నేను పనిచేసింది రాజమండ్రిలో, కలప అడితీల వీధి చివర ఒక చిన్న వర్క్‌షాపులో. తొంభైల్లో చేరాను, అది మూతపడేదాకా ఉన్నాను. అక్కడ కర్ర రాకెట్లు తయారయ్యేవి. ఎక్కువ భాగం బాల్ బ్యాడ్మింటన్‌వి. అప్పట్లో సాయంత్రమైతే మా జిల్లాల్లో ప్రతి హైస్కూలు మైదానంలోనూ ఆ పసుపు ఉన్ని బంతి ఎగురుతూ ఉండేది. క్లబ్బులకీ కాలేజీలకీ టెన్నిస్ రాకెట్లు కూడా చేసేవాళ్ళం. అయితే షాపులో రాకెట్టు అనే మాట ఎవరి నోటా వినపడేది కాదు. అన్నీ బ్యాట్లే.

యజమానిని అందరం రాజుగారనేవాళ్ళం. భీమవరం దగ్గర చేపల చెరువులున్న కుటుంబం. చెరువులు చూసుకోమని అన్నదమ్ములు ఎంత చెప్పినా వినకుండా, టెన్నిస్ మీద పిచ్చితో ఈ వ్యాపారం పెట్టారు. ఆయన కన్ను గొప్పది. గుమ్మంలోంచే ఫ్రేములో వంకర పట్టేసేవారు. ఓపిక మాత్రం దేవుడు ఇవ్వలేదు. కర్రకి ఆరడానికి టైము కావాలి, అతుకు పట్టడానికి టైము కావాలి, వంచిన ఆకారానికి అలవాటు పడడానికి ఇంకా ఎక్కువ టైము కావాలి. ఆయనకి అన్నీ రేపటికే కావాలి. మంచి మనిషి అనడానికి నాకు అభ్యంతరం లేదు, మంచి యజమాని అనడానికి కొంచెం ఆలోచిస్తాను.

ఫ్రేములు వంచేది అప్పారావు మేస్త్రి. పడవలు కట్టే ఇంట్లో పుట్టినాయన. కర్రని ఆవిరి పెట్టెలో మెత్తబెట్టి, ఇనప అచ్చు చుట్టూ తిప్పి బిగించేటప్పుడు తప్ప ఆయన నోరు ఆగడం నేను చూడలేదు. వరస కలవకపోయినా నేను బాబాయ్ అనేదాన్ని. ఆయన నన్ను పని బాగుంటే సుశీలమ్మా అనీ, బాగాలేకపోతే నరసాపురం అనీ పిలిచేవాడు.

లేసు చేతులు

మాది నరసాపురం పక్క ఊరు. మా అమ్మ, మేనత్తలు, నేను, అందరం లేసు అల్లి బతికినవాళ్ళం. పెళ్ళయి రాజమండ్రి వచ్చాక ఈ పనిలో చేరాను. గట్టింగ్‌కి మనుషులు దొరకడం లేదని రాజుగారు తల పట్టుకుంటే, ఎవరో "లేసు ఆడవాళ్ళని పెట్టుకోండి, వేళ్ళు సన్నగా ఆడతాయి" అని సలహా ఇచ్చారట. అలా మా ఊళ్ళ వైపు నుంచి వచ్చి స్థిరపడిన కొంతమందిమి ఆ షెడ్డులో కూర్చున్నాం.

మా మొదటి బ్యాట్లు చూసి రాజుగారు పొంగిపోయారు. తీగ తీగకీ మధ్య ఒకటే ఎడం. వేలితో మీటితే ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే మోత. మర్నాడు పొద్దున్న షెడ్డు తాళం తీసి చూస్తే, బ్యాట్ల తలలన్నీ ఒక పక్కకి ఒరిగిపోయి ఉన్నాయి. పాదు మీద వంకరగా కాసిన సొరకాయల్లా తయారయ్యాయి.

"మీ లేసు పాడుగాను! నా ఫ్రేములన్నిటినీ కుంటివి చేసి పెట్టారు కదే!" అని అప్పారావు బాబాయ్ కేకలు.

"నువ్వు పచ్చి కర్ర వంచి మా మీద పడతావేంటి బాబాయ్? బిగువు సమానంగా ఉందో లేదో నువ్వే మీటి చూడు" అన్నాను.

రాజుగారు జిగురు మంచిది కాదన్నారు. జిగురు మార్చాం. మళ్ళీ అంతే. కర్ర మార్చాం. మళ్ళీ అంతే. చివరికి ఒక బ్యాటు సగం అల్లి ఉండగానే, మా కళ్ళ ముందు, భుజం దగ్గర చిట్లింది. తీగలు వేసిన ఎడమ సగం కుంచించుకుపోయి, వెయ్యని కుడి సగం ఉబ్బి ఉంది. అప్పుడు గానీ ఎవరికీ తట్టలేదు. మేమందరం లేసు అల్లినట్టే అల్లుతున్నాం. లేసుకి ఒక అంచున మొదలుపెట్టి, వరస వెంట వరస వేసుకుంటూ రెండో అంచుకి పోతాం. ఎవరూ మాకు అలా చెప్పలేదు, వేరేలా చెయ్యొచ్చన్న ఊహే మాకు రాలేదు. లేసుకి ఎముక లేదు, ఎటు నుంచి లాగినా సర్దుకుంటుంది. బ్యాటుకి ఎముక ఉంది. దానికి నడుమ నుంచి మొదలుపెట్టాలి. నడుమ తీగ లాగి, ఎడమకొకటి, కుడికొకటి, మళ్ళీ ఎడమకొకటి, కుడికొకటి. రెండు పక్కలకీ బరువు సమానంగా ఎక్కాలి.

ఇంకో అలవాటు కూడా మాతో వచ్చింది. లేసులో దారం చివర ముడి కనపడనివ్వం. కొసని వెనక్కి తిప్పి అల్లికలోనే దాచేస్తాం. గట్ కొసల్ని కూడా మా చేతులు వాటంతట అవే అలాగే దాచేవి. దాని వల్ల బ్యాటుకి నష్టం లేదు, లాభమూ లేదు. ముడి మీద ఇంకో మెలిక, అంతే.

కొత్తగా పనిలోకి వచ్చేవాళ్ళు ఇక్కడ ఒకటి గమనించాలి. మేము అజాగ్రత్త వల్ల తప్పు చెయ్యలేదు. పాత పనిలో మంచి పేరు తెచ్చుకున్నవాళ్ళం, ఆ పనిలో ఒప్పయినదాన్ని ఇక్కడ అంతే శ్రద్ధగా చేశాం. శ్రద్ధగా చేసిన తప్పు దొరకడానికి చాలా రోజులు పడుతుంది.

గాదె దూలం

కలప గురించి ఒక్క సంగతి చెప్పి అసలు విషయంలోకి వస్తాను. తణుకు వైపు నుంచి ఒక ఆసామీ వచ్చారు. పాత గాదె విప్పిస్తే మంచి టేకు దూలం వచ్చిందట. దాన్ని ట్రాక్టరులో వేసుకొచ్చి, కాలేజీలో టెన్నిస్ ఆడే కూతురికి ఆ కర్రతోనే బ్యాటు చెయ్యమన్నారు.

"టేకు వంగదేమోనండి" అన్నారు రాజుగారు.

"అదేం మాటండి? మా ఇంట్లో తలుపులు టేకు, మంచాలు టేకు, గుమ్మాలు టేకు. టేకుని మించిన కర్ర ఇంకేముందండి?"

అప్పారావు బాబాయ్ కూడా ఆయన వైపే తిరిగాడు. గోదావరి ఒడ్డున పుట్టినవాడికి టేకు మాట కాదనడం కష్టం. ఆవిరి పెట్టారు, వంచారు, ఫట్‌మంది. సన్నగా చీల్చి మళ్ళీ పెట్టారు, మళ్ళీ ఫట్‌మంది. ఎలాగో వంగిన ముక్కలకి జిగురు పట్టలేదు, ఆ కర్రలో నూనె గుణం ఎక్కువ. చివరికి ఆ దూలంతో ఆయనకి బ్యాటు పెట్టుకునే పెట్టె చేసి ఇచ్చి, లోపల మల్బరీ కర్ర బ్యాటు పెట్టాం. ఆయన పెట్టె చూసుకుని మురిసిపోయారు. వాళ్ళమ్మాయి బ్యాటు తీసుకుని పెట్టె ఇక్కడే వదిలేస్తానంది. తలుపుకి కావలసింది నిలబడే గుణం, బ్యాటుకి కావలసింది వంగి నిలబడే గుణం. మా దగ్గరికొచ్చే మల్బరీ కూడా అంత గొప్పదేం కాదు. నాలుగైదు సన్నటి పట్టీలు ఒకదాని మీద ఒకటి అంటించి వంచితే గానీ ఆగేది కాదు.

గ్రేసమ్మ టీచరుగారు

కంపెనీ రాకెట్లు కార్బనువి వచ్చి, కర్ర టెన్నిస్ బ్యాట్లు కొనేవాళ్ళు తగ్గిపోతున్న రోజులవి. ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం గ్రేసమ్మ టీచరుగారు రిక్షా దిగారు. క్రైస్తవ మిషనరీల ఆడపిల్లల స్కూల్లో డ్రిల్ టీచరుగా చేసి రిటైరయినావిడ. తెల్ల చీర, తెల్ల కాన్వాసు బూట్లు. ఆ వయసులో కూడా నడుం నిటారు. సంచీలోంచి తువ్వాలు చుట్టిన బ్యాటు తీసి బల్ల మీద పెట్టారు.

"దీన్ని ఆడేలా చేసిపెట్టాలమ్మా. మా స్కూలు టెన్నిస్ కోర్టు తవ్వేస్తున్నారు. అక్కడ కంప్యూటర్ల బిల్డింగు వస్తోందట. దసరా సెలవులవ్వగానే పని మొదలు. ఈలోగా ఒక్క ఆట ఆడాలి."

అది అమెరికాలో చేసిన బ్యాటు. టీచరుగారు కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో స్కూలు చూసే అమెరికా దొరసానిగారు ఆమెకి ఆట నేర్పి, వెళ్ళిపోతూ ఇచ్చి వెళ్ళారట. దొరసానిగారికి అది ఆవిడ నాన్నగారి నుంచి వచ్చిందట. అంటే టెన్నిస్ కొత్తగా వచ్చిన రోజుల్లో అమెరికా వాళ్ళు చేతితో చేసిన సరుకు. తల పైభాగం గుండ్రంగా కాకుండా కాస్త చదునుగా ఉంది. పిడికి తోలు లేదు, చెయ్యి జారకుండా కర్ర మీదే సన్నటి గాడులు గీశారు.

అప్పారావు బాబాయ్ దాన్ని చేతిలోకి తీసుకుని నోరు మూసుకున్నాడు. అది చూసి షెడ్డులో అందరం లేచి వచ్చాం. ఫ్రేము మొత్తం ఒకటే కర్ర, యాష్ అనే తెల్ల కర్ర. ఒక పొడుగు బద్దని వంచి తల చేసి, రెండు కొసల్నీ కిందికి తెచ్చి పిడి చేశారు. ఆ రెండు కొసలూ కలిసే గొంతు దగ్గర మాత్రం ముదురు రంగు చెక్క ముక్క ఒకటి ఇరికించారు.

"కర్రలో పోగు చూడండి, ఎక్కడా తెగలేదు" అన్నాడు బాబాయ్. "రంపంతో కోసింది కాదిది. దుంగని పోగు వెంట చీల్చి, ఆ బద్దని వంచారు. అందుకే ఒంటి బద్ద ఇన్నాళ్ళు నిలబడింది."

రాజుగారి కళ్ళు మెరిశాయి. నాకు ఆ మెరుపు తెలుసు, అది మా అందరికీ అదనపు పని. కార్బనుతో పోటీ పడలేం గానీ, పాత అమెరికా మోడలు ఒకటి చేస్తే క్లబ్బుల్లో షోకు కోసమైనా కొంటారని ఆయన లెక్క. కానీ ఆ గొంతు లోపల రెండు కొసల్నీ ఎలా పట్టి ఉంచారో పైకి కనపడదు. చీల వేశారా, గాడి తీశారా, వట్టి జిగురేనా? కోసి చూస్తే తప్ప తెలియదు.

"టీచరుగారండీ, మీకు మా షాపులో ఏ బ్యాటు నచ్చితే అది తీసుకోండి. ఇది మాకు వదిలెయ్యండి. ఇది ఎలాగూ ఆటకి ఆగదండి" అన్నారు రాజుగారు.

"వదిలేస్తే ఏం చేస్తారు?"

రాజుగారు అబద్ధం ఆడే మనిషి కాదు. "కోసి చూస్తామండి" అన్నారు.

"నేను ఆట నేర్చుకున్నది ఈ బ్యాటుతో, ఆ కోర్టులో. కోర్టుని ఎలాగూ వాళ్ళు కోస్తున్నారు. బ్యాటుని మీరు కోస్తానంటున్నారు. ఒక్క ఆట ఆడనిచ్చాక మీ ఇష్టం వచ్చింది చేసుకోండయ్యా" అన్నారావిడ. గొంతు పెంచలేదు. అయినా రాజుగారు బ్యాటుని నా ముందుకి జరిపారు.

ఎదురు అంచు

ఫ్రేము బాగా వంకరపోయి ఉంది. వాడని బ్యాటుని ప్రెస్సులో పెట్టాలి. ప్రెస్సంటే రెండు చెక్క చట్రాల మధ్య బ్యాటుని ఇరికించి నాలుగు మూలలా మరలు బిగించేది. టీచరుగారు గోడకి తగిలించి ఉంచారు. మా ముసురుకి గోడే చెమ్మ తాగుతుంది, కర్ర తాగదా! ఫ్రేము మెలిక పడింది, అది చెమ్మ పని. దానికి తోడు తల ఎడమకి ఒరిగింది. అది చెమ్మ పని కాదు.

పాత తీగలు కోసేముందు ఒకసారి వేలితో తడిమాను. కింద వరసలో తీగ కొస ముడి పడి ఆగిపోలేదు. వెనక్కి తిరిగి అల్లికలో దాక్కుంది. అది లేసు చేతి అలవాటు.

"టీచరుగారూ, దీనికి ఆఖరుసారి తీగలు ఎవరేశారండి?"

"దొరసానిగారు వెళ్ళాక ఊళ్ళో ఇది తెలిసినవాళ్ళు ఎవరున్నారమ్మా? మా హాస్టల్లో లేసు నేర్పే ఆవిడ ఒకరుండేవారు. నేనివన్నీ సరిగ్గా వేస్తాను, మీరు ఊరుకోండి అని ఆవిడే వేశారు. చాలా అందంగా వేశారు."

అందంగానే వేశారు. ఎడమ అంచున మొదలుపెట్టి, కుడి అంచు దాకా, వరస తప్పకుండా. నేను పుట్టక ముందో, పుట్టిన కొత్తలోనో ఎవరో నరసాపురం చెయ్యి ఆ అమెరికా ఫ్రేముని ఒక పక్కకి లాగేసింది. మేము మా వర్క్‌షాపులో చేసిన తప్పునే, మాకంటే ముందు, మాకంటే ఓపిగ్గా చేసింది. నాకు నవ్వూ వచ్చింది, గర్వంలాంటిదీ వచ్చింది. ఆ రెండోది ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

అప్పారావు బాబాయ్ ఎండాకాలం దాకా ఆగమన్నాడు. రోహిణి ఎండలకి కర్ర పూర్తిగా ఆరాక సరి చేస్తే నిలుస్తుందన్నాడు. ఆయన మాట సరైనదే. కానీ ఎండలు వచ్చేసరికి కోర్టు ఉండదు. రాజుగారేమో వెంటనే ఆవిరి పెట్టి, మర్నాడే తీగలు వెయ్యమన్నారు. అది తప్పు. చివరికి బాబాయే దారి చూపించాడు. పైపైన ఆవిరి చూపించి, ప్రెస్సులో బిగించి, తెలిసినవాళ్ళ ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలరు పక్క గదిలో వేలాడదీశాడు. అక్కడ ముసురులో కూడా వెచ్చగా, పొడిగా ఉంటుంది. రోజూ సాయంత్రం వెళ్ళి మరలు ఒక్క పిసరు బిగించి వచ్చేవాడు. మెలిక పోయింది. ఎడమ ఒరుగు మాత్రం పోలేదు.

అప్పుడు నేను, మనం ఎవరికీ చెయ్యొద్దని చెప్పే పని చేద్దామన్నాను. నడుమ నుంచి కాదు, ఈసారి కుడి అంచు నుంచి మొదలుపెడదాం. లేసావిడ ఎడమ నుంచి లాగి ఒరగదీసింది, నేను కుడి నుంచి లాగి నిలబెడతాను.

రాజుగారు ఒప్పుకోలేదు. "విరిగితే ఆవిడకి ఏం చెప్తావు?"

"నడుమ నుంచి వేస్తే ఒరుగు ఒరుగులాగే ఉండిపోతుందండి. కొట్టిన బంతి కొట్టిన చోటికి పోదు."

టీచరుగారినే అడుగుదామని తేలింది. అడిగాం. నిలవొచ్చు, విరగొచ్చు అని ఉన్నదున్నట్టు చెప్పాను. గోడకి పెట్టుకోవడానికైతే ఏదీ అక్కర్లేదని కూడా చెప్పాను.

"గోడకి పెట్టుకుని ఏం చేసుకోను? వెయ్యి. బిగువు కూడా సరిగ్గా పెట్టమ్మా, ముసలిదానికి ఇది చాల్లే అని వదులుగా పెట్టకు" అన్నారు.

నిజానికి నేను వదులుగానే పెడదామనుకున్నాను. ఆవిడ ఎలా కనిపెట్టారో తెలియదు. కుడి అంచు నుంచి నాలుగు తీగలు లాగేసరికి ఫ్రేము మూలిగింది, షాపులో తీగలు బిగించే మిషనులో కాదు, నా మోకాలి మీద, చేత్తో లాగుతుంటే. ఆగాను. మళ్ళీ లాగాను. నడుమకి వచ్చేసరికి ఒరుగు చాలామటుకు తీరింది. అడ్డం తీగలు పడ్డాక బాబాయ్ దాన్ని బల్ల మీద పెట్టి ఒంటికన్నుతో చూసి, "సరిపోయింది సుశీలమ్మా" అన్నాడు. నా ఉద్యోగంలో నేను బాగా గుర్తుపెట్టుకున్న మెప్పు అదే. రాజుగారు ఎన్నో ఇచ్చారు, ఒక్కటీ గుర్తులేదు.

గొంతు లోపల

ఆ ఫ్రేము చివరికి విరిగింది. ఎలా విరిగిందో తర్వాత చెప్తాను. విరిగాక టీచరుగారు దాన్ని అన్నమాట ప్రకారం రాజుగారి చేతిలో పెట్టారు. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి పనికొచ్చేది ఆ గొంతు లోపల కనిపించింది కాబట్టి దాన్ని ముందు చెప్పేస్తాను.

గొంతులో బిగించిన ముదురు చెక్క ముక్క కొంచెం చిన్నదైపోయింది. కొలత తప్పి కోశారు. ఒక పక్క సందు మిగిలింది. ఆ సందులో చిత్రిక పడితే రాలే సన్నటి కర్ర తొక్కు ఒకటి సరేసు జిగురులో ముంచి కూరారు, పైన వార్నీషు పూశారు. చీలలూ లేవు, రహస్యపు గాడులూ లేవు. అంత పాత అమెరికా పనివాడు, అంత బాగా కర్ర చీల్చి వంచినవాడు, కొలత తప్పితే మనలాగే తొక్కు కూరి సర్దేశాడు.

రాజుగారు డీలా పడిపోయారు. అంత మోజు పడ్డ సరుకు లోపల తొక్కు ఉండడం ఆయనకి మింగుడు పడలేదు. అమెరికా మోడలు మాట ఆ తర్వాత ఎత్తలేదు. అప్పారావు బాబాయ్ మాత్రం తప్పిపోయిన మేనత్త కొడుకు దొరికినట్టు సంబరపడ్డాడు. "చూడండి, మనవాడే!" అని ఆ ముక్క పట్టుకుని షెడ్డంతా తిరిగాడు.

నా అభిప్రాయం ఇద్దరిదీ కాదు. ఆ తొక్కు తప్పు, అది నిజం. ఆ తప్పు మీద కొన్ని తరాలు ఆట ఆడారు, అదీ నిజం. ఫ్రేము విరిగింది కూడా ఆ గొంతు దగ్గర కాదు, కుడి భుజం దగ్గర. కుడి అంచు నుంచి నేను లాగినందుకు విరిగిందా, కర్ర వయసు చెల్లి విరిగిందా, నాకు తెలియదు. తెలుసని ఎవరైనా చెప్తే వాళ్ళని నమ్మకండి.

కోర్టులో

దసరా సెలవుల్లో ఒక పొద్దున్న ఆట పెట్టుకున్నారు. రాత్రి కురిసిన వాన వెలిసి, కోర్టు మట్టి ఇంకా తడిగా ఉంది. గోడ పక్కన కంకర గుట్టలు అప్పుడే పోసేసి ఉన్నాయి. అవతల ఆడడానికి టీచరుగారి పాత విద్యార్థిని విజయగారు వచ్చారు. ఆవిడ అప్పటికి కాలేజీలో ఆటల లెక్చరరు. మేము ముగ్గురం అరుగు మీద కూర్చున్నాం. రాజుగారు ఆట అయ్యాక తానూ నాలుగు బంతులు కొడదామని తన బ్యాటు కూడా తెచ్చుకున్నారు.

మొదట్లో విజయగారు బంతిని టీచరుగారి చేతికి అందించినట్టు మెల్లగా, సరిగ్గా బ్యాటు ముందుకి వేశారు. టీచరుగారు రెండు మూడు కొట్టి ఆగిపోయారు.

"ఏంటే విజయా, నాకు అన్నం కలిపి పెడుతున్నావా?"

"కాదండి, టీచరుగారండీ, వార్మప్పండి."

"నాకు వేడెక్కింది గానీ, నువ్వు ఆడు."

ఆ తర్వాత విజయగారు నిజంగానే ఆడారు. టీచరుగారు పరిగెత్తలేరు. కానీ బంతి ఎటు వస్తుందో ముందే తెలిసినట్టు అక్కడ ఉండేవారు. కొట్టినప్పుడు వచ్చే మోత నాకు వినపడుతూనే ఉంది, అది గట్టిగా, నిండుగా ఉంది. నేను ఆట చూడలేదు, ఆ మోతే విన్నాను. ప్రతిసారీ ఇదే ఆఖరు అనుకున్నాను. గేమ్ ఒకటి పోయింది, ఒకటి టీచరుగారు గెలిచారు. మూడోదానిలో స్కోరు సమానంగా ఉండగా విజయగారు బంతిని దూరంగా, కుడి మూలకి బలంగా కొట్టారు. టీచరుగారు రెండు అడుగులు వేసి, చెయ్యి పూర్తిగా చాచి, ఒంట్లో బలమంతా పెట్టి కొట్టారు.

మోత రాలేదు, చప్పుడొచ్చింది. ఎండు కొమ్మ విరిగిన చప్పుడు. ఫ్రేము భుజం దగ్గర విరిగి, తల ఒక పక్కకి వాలి, తీగలు పట్టుకుని వేలాడింది. రాజుగారు లేచి నిలబడ్డారు. అప్పారావు బాబాయ్ కళ్ళు మూసుకున్నాడు.

"టీచరుగారండీ! చేతికేమైనా అయిందా అండి?" అంటూ విజయగారు నెట్ దగ్గరికి పరిగెత్తుకొచ్చారు.

టీచరుగారు ఆమెకేసి చూడలేదు. చేతిలో ఉన్నదానికేసి కూడా చూడలేదు. నెట్ అవతల, వెనక గీతకేసి చూస్తున్నారు.

"బంతెక్కడ పడింది?"

విజయగారు వెనక్కి వెళ్ళి వంగి చూశారు. గీతకి ఇవతల, తడి మట్టిలో, బంతి పడిన గుంట గుండ్రంగా ఉంది.

"లోపలేనండి."

"అయితే పాయింటు నాది."

విరిగిన బ్యాటుని తెచ్చి రాజుగారి చేతిలో పెట్టారు. ఆయన రెండో చేతిలో ఉన్న బ్యాటు తీసుకుని, ఒకసారి తిప్పి చూసి, "బరువెక్కువయ్యా" అన్నారు. అని, సర్వీసు చెయ్యడానికి గీత దగ్గరికి నడిచారు.